బతికి బట్టకట్టినవాళ్ళు

బతికి బట్టకట్టడం అని తెలుగులో ఒక మాట ఉంది. చావు అంచుదాకా పోయి తిరిగొచ్చినవాళ్ళ గురించి అంటాం. ఒట్టి బతకడం చాలదు, బట్ట కూడా కట్టాలి. ప్రాణం నిలిస్తే సగం పనే అయింది, మనిషి మళ్ళీ నలుగురిలోకి రావడం మిగతా సగం. ఈ మాట ఏదో మగ్గం పక్కనే పుట్టి ఉంటుందని ఎమ్మిగనూరు వాళ్ళం సరదాగా అనుకుంటాం. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. పక్కన ఆదోని పత్తి ఊరు. పత్తి అక్కడ అమ్ముడయింది, నేత ఇక్కడ నడిచింది. ఆ పత్తికీ ఈ బట్టకీ మధ్య దూది ఏకినవాళ్ళు, పరుపులు కుట్టినవాళ్ళు, మిషన్ తొక్కిన దర్జీలు చాలామంది మావాళ్ళే.

ఆ మాటను అక్షరాలా చేసి చూపించిన ఒక పెళ్ళి గురించి ముందు చెప్పాలి. జర్మనీలో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరం 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం చేతికొచ్చింది. తలుపులు తెరిచిన తర్వాత కూడా జబ్బులతో, ఆకలితో దెబ్బతిన్న శరీరాలతో వేలమంది అక్కడే పోయారు. మిగిలినవాళ్ళలో ఒక యూదు అమ్మాయి తెల్ల గౌనులోనే పెళ్ళి చేసుకుంటానంది. ఆ రోజుల్లో, ఆ చోట, అది చందమామను అడగడమే. కాబోయే భర్త ఒక మాజీ జర్మన్ వైమానికుడికి కొంత కాఫీ, కొన్ని సిగరెట్లు ఇచ్చి ఒక తెల్ల పారాచూట్ కొనుక్కొచ్చాడు. కుట్టుపని తెలిసిన తోటి అమ్మాయి దాన్ని విప్పి గౌను కుట్టింది. మిగిలిన గుడ్డతో పెళ్ళికొడుక్కి చొక్కా అయింది. 1946లో పెళ్ళి జరిగింది. తర్వాత ఆ గౌనునే ఆమె చెల్లెలు కట్టుకుంది, ఇంకెందరో పెళ్ళికూతుళ్ళు కట్టుకున్నారు. ఎంతమందన్న లెక్క ఆమెకే తప్పింది. ఇప్పుడది మ్యూజియంలో ఉంది.

యూదుల కథ ముస్లింల పుస్తకంలో ఎందుకని అడిగేవాళ్ళు రెండు వైపులా ఉంటారు. "పాలస్తీనాలో అంత జరుగుతుంటే మీకు వాళ్ళ పెళ్ళిళ్ళ ముచ్చట్లు కావాల్సొచ్చాయా" అని మావాళ్ళు కొందరు అడుగుతారు. లౌకికవాద మిత్రులు పైకి అనరు గానీ, వాళ్ళ మనసులో ఇంకో మాట ఉంటుంది. మైనారిటీ రచయిత తన గాయం గురించి రాయాలి, ప్రపంచం గురించి రాసే పని తమది. మేం ఈ రెండు కంచెల్లోనూ ఇమడం. ఒక మాట గుర్తు చేస్తాం. మన ఇళ్ళల్లో తెల్లారుజామున ఆకాశవాణి మేలుకునేముందు వచ్చే ఆ వయొలిన్ రాగం ఎవరిదో తెలుసా? వాల్టర్ కౌఫ్‌మన్‌ది అని చెబుతారు. హిట్లర్ నీడ పడుతున్న యూరప్ వదిలి 1934లో బొంబాయి చేరిన యూదు సంగీతకారుడు ఆయన. పన్నెండేళ్ళు ఇక్కడే ఉండి 1946లో వెళ్ళిపోయాడు. ఆదోనిలో ఫజర్ నమాజుకు లేచినవాళ్ళూ, మంత్రాలయంలో సుప్రభాతానికి లేచినవాళ్ళూ దశాబ్దాల తరబడి ఒక కాందిశీకుడి రాగంతోనే రోజు మొదలుపెట్టారు.

కాందిశీకుడు. ఈ మాటను విప్పితే 'కాం దిశం' అని వస్తుంది, 'ఏ దిక్కుకు' అని. ఏ దిక్కుకు పోవాలో తెలియనివాడు. నిఘంటువులో ఇంత దిగులున్న మాట ఇంకోటి మాకు కనబడలేదు.

యుద్ధం ముగిశాక జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల్లోని శిబిరాల్లో రెండున్నర లక్షల మంది దాకా యూదులు ఇలా దిక్కు తెలియక కొన్నేళ్ళు గడిపారు. సొంత ఊళ్ళకు తిరిగి వెళ్ళినవాళ్ళకు పోలండ్‌లో మళ్ళీ దాడులు ఎదురయ్యాయి. 1946 జులైలో కీల్‌ట్‌సె పట్టణంలో నలభై మందికి పైగా యూదుల్ని చంపారు. దాంతో వాళ్ళు మళ్ళీ శిబిరాలకే వచ్చిపడ్డారు. ఎవరిని చంపారో ఆ దేశంలోనే, చంపినవాళ్ళ పక్కనే, రేషన్ రొట్టె తింటూ పెళ్ళిళ్ళు మొదలుపెట్టారు. ఆ శిబిరాల్లో జననాల రేటు అప్పటి ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువలో ఒకటి. ఒక్క బెల్సెన్‌లోనే వెయ్యికి మించి పిల్లలు పుట్టారు. ఆ పిల్లలకు పోయినవాళ్ళ పేర్లు పెట్టారు. ఒక్క బిడ్డకు చాలని పేర్లుండేవి. అమ్మ, నాన్న, నలుగురు చెల్లెళ్ళు, ముందు భార్య, ముందు పిల్లలు. ఎవరి పేరు పెట్టాలి, ఎవరిది వదిలెయ్యాలి?

ఇంత తొందరేమిటి, ఇంకా బూడిద ఆరలేదు కదా అని అప్పట్లో సహాయానికి వచ్చిన కొందరికి అనిపించింది. ఆ పెళ్ళిళ్ళన్నీ ప్రేమ పెళ్ళిళ్ళు కావు. ఒంటరితనం భరించలేక, ఒకే ఊరివాళ్ళు కనబడితే చాలనుకుని చేసుకున్నవి చాలా ఉన్నాయి. అందులో తప్పేమీ లేదని మా అభిప్రాయం. ఊచకోత నుంచి బయటపడ్డవాడు ఎంతకాలం ఏడవాలో, ఎప్పుడు నవ్వాలో చెప్పే అధికారం చూసేవాళ్ళకు లేదు. గుండె పగిలినవాడికి పెళ్ళాంపిల్లలు ఉండటం మరుపు కాదు. మా ఇళ్ళల్లో ఖాదర్‌వలి, మస్తాన్‌వలి, హుసేన్‌బీ పేర్లు మనవళ్ళలో మనవరాళ్ళలో తిరిగి తిరిగి వస్తున్నట్టే.

అయితే పెళ్ళికి ముందు ఒక చిక్కు ఉంది. పైనుంచి చూసేవాళ్ళకు అది కనబడదు. భర్త చనిపోయాడని ఎవరు చెప్పాలి? శవం లేదు, సమాధి లేదు, సాక్షులే చనిపోయారు. యూదు ధర్మశాస్త్రంలో భర్త చావు రుజువు కానిదే భార్య మళ్ళీ పెళ్ళాడకూడదు. అలాంటి స్త్రీని 'అగునా' అంటారు, లంగరు వేసి కట్టేసిన మనిషి అని అర్థం. యుద్ధం తర్వాత అలాంటి ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. రబ్బీలు కూర్చుని ఒక్కొక్కరి కథ విన్నారు. ఫలానా రైలు ఎక్కాడని, ఫలానా రోజున చావు వైపు వరుసలో నిలబెట్టారని చూసినవాళ్ళు ఒక్కరు దొరికినా చాలని తీర్పులు చెప్పారు. దేవుడి శాసనం మారలేదు, దాన్ని చదివే కళ్ళు తడిశాయి.

మాకు ఇది పరాయి కథ కాదు. మా షరీఅత్‌లోనూ జాడ తెలియని భర్తను మఫ్ఖూద్ అంటారు. హనఫీ ఫిఖా ప్రకారం అతని ఈడువాళ్ళంతా కాలం చేసేదాకా భార్య ఎదురుచూడాలి. అంటే బతుకంతా. మాలికీలు నాలుగేళ్ళు చాలన్నారు. మన దేశంలో మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ వంటి హనఫీ ఉలమాలే ఆడవాళ్ళ అవస్థ చూసి మాలికీ మార్గం తీసుకోవచ్చన్నారు. దాని వెనకే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త జాడ నాలుగేళ్ళు తెలియకపోతే భార్య కోర్టుకెళ్ళి విడిపోవచ్చు. షరీఅత్ రాయిలాంటిది, కదలదు అని అరిచే మా పెద్దలకూ, ముస్లింలు ఎన్నడూ ఏదీ మార్చుకోరని రాసే పత్రికలకూ ఈ చట్టం సంగతి ఒకేసారి గుర్తు చెయ్యాలనిపిస్తుంది.

ఆ చట్టం వచ్చిన తొమ్మిదేళ్ళకు, తుంగభద్ర అవతల, జాడ తెలియని భర్తలు వేలల్లో అయ్యారు.

తుంగభద్ర అప్పట్లో రెండు రాజ్యాల మధ్య గీత. ఇవతల ఆదోని, ఎమ్మిగనూరు మద్రాసు రాష్ట్రంలో బళ్ళారి జిల్లా. అవతల రాయచూరు నిజాం రాజ్యం. రైలెక్కితే కొన్ని స్టేషన్ల దూరం. పెళ్ళి సంబంధాలు అటూ ఇటూ ఉండేవి. రజాకార్ల దౌర్జన్యం పెరిగినప్పుడు నిజాం రాజ్యం నుంచి ఎన్నో హిందూ కుటుంబాలు సరిహద్దులు దాటి మద్రాసు, బొంబాయి రాష్ట్రాల ఊళ్ళల్లో తలదాచుకున్నాయి. ఆ దౌర్జన్యం నిజం. దాన్ని తక్కువ చేసి చెప్పే ఏ ముస్లిం రచననూ మేం ఒప్పుకోం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత జరిగిందాన్ని బడిపుస్తకాల్లో వెతికితే ఒక్క వాక్యం కనబడదు.

ప్రధాని నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు, డిసెంబరుల్లో జిల్లాలు తిరిగారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయన్నారు. రాజ్యం మొత్తమ్మీద 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టారు. బావుల్లో దూకిన ఆడవాళ్ళ గురించి, ఎత్తుకుపోయిన ఆడపిల్లల గురించి, బలవంతంగా మతం మార్చిన కుటుంబాల గురించి రాశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం చేతికి రాలేదు. 2013 నాటికి గానీ ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ గ్రంథాలయంలో చదువుకోవడానికి దొరకలేదు. అరవై ఐదేళ్ళు! యూదుల మీద జరిగిన ఘోరానికి న్యూరెంబర్గ్‌లో ఏడాదిలోపే కోర్టు కూర్చుంది. ఇక్కడ చూసి వచ్చినవాళ్ళ కాగితం కూడా బీరువాలో ఉండిపోయింది. రెండు ఘోరాలూ ఒకటేనని అనడం లేదు. అరవై లక్షల మందిని కార్ఖానా పద్ధతిలో చంపడానికి పోలిక లేదు. మిగిలినవాళ్ళ బతుకు గురించే మా మాట. నీకు జరిగింది జరిగిందని నలుగురు ఒప్పుకోవడం బతికినవాడికి మొదటి బట్ట. అది మావాళ్ళకు దొరకలేదు.

ఆ నివేదికలో ఒక మాట నేతగాళ్ళ ఊళ్ళల్లో చదివి వినిపించాల్సింది. కొన్ని చోట్ల హిందూ చేనేతవాళ్ళు ముస్లిం చేనేతవాళ్ళకు అడ్డం నిలబడ్డారు, ఆ క్రమంలో కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. ఎత్తుకుపోయిన ఆడవాళ్ళను వెనక్కి తేవడంలో హిందువులు సాయం చేశారని కూడా ఉంది. ఒకే కండె, ఒకే పడుగు పేక, ఒకే షావుకారు అప్పు. ఆ బంధానికి మన సిద్ధాంతాల్లో పేరు లేదు గానీ ఆ రోజున ప్రాణం నిలబెట్టింది అదే.

నది అవతల నుంచి మా ఇళ్ళకు కోడళ్ళుగా వచ్చిన నానీలు పోలీస్ యాక్షన్ అనేవాళ్ళు కాదు. 'గడబడ్' అనేవాళ్ళు. గడబడ్‌కు ముందు, గడబడ్ తర్వాత. అంతకుమించి చెప్పేవాళ్ళు కాదు. పిల్లలం అడిగితే "సోజావ్" అనేవాళ్ళు. ఇజ్రాయెల్ చేరిన యూదు తల్లిదండ్రులు కూడా అంతేనట. చేతి మీద పచ్చబొట్టు నంబరు ఏమిటని పిల్లలు అడిగితే మాట మార్చేవాళ్ళు. పైగా అక్కడ ముందే స్థిరపడ్డ యూదులు కొందరు వీళ్ళను 'సబోన్' అని ఎగతాళి చేసేవాళ్ళు. సబ్బు అని అర్థం. నాజీలు శవాల కొవ్వుతో సబ్బు చేశారన్న పుకారును పట్టుకుని, గొర్రెల్లా చావుకు నడిచారని దెప్పడం. సొంతవాళ్ళే! 1961లో ఐక్‌మన్ విచారణలో సాక్షులు ఒక్కొక్కరే లేచి మాట్లాడేదాకా ఆ మౌనం గట్టిగా పగల్లేదు. మా నానీల కోసం ఏ విచారణా జరగలేదు. వాళ్ళు మాట్లాడకుండానే పోయారు.

ఇక వెళ్ళిపోయినవాళ్ళు. హైదరాబాద్ రాజ్యం నుంచి ఎంతోమంది కరాచీ చేరారు. అక్కడ హైదరాబాద్ కాలనీ అని ఒక పేట ఉంది. మిర్చీకా సాలన్, బఘారే బైంగన్, పచ్చళ్ళకు పేరుపడిన చోటు. పచ్చడి ఒకటి చాలు, వాళ్ళు ఎక్కడివాళ్ళో తెలుస్తుంది. పాకిస్తాన్‌లో వాళ్ళకు దక్కిన పేరు ముహాజిర్. అక్కడే పుట్టి అక్కడే ముసలివాళ్ళయిన మనవలు కూడా ముహాజిర్లే. ఇల్లు కట్టుకున్నారు, పెళ్ళిళ్ళు చేశారు, ఇంటిపేరు మాత్రం 'వచ్చినవాడు' అనే నిలిచింది.

వెళ్ళనివాళ్ళ గతి ఇంకో రకం. మన దేశంలో 1950లో కాందిశీకుల ఆస్తి నిర్వహణ చట్టం చేశారు. దేశం వదిలిపోయినవాళ్ళ ఇళ్ళు, భూములు సర్కారు స్వాధీనంలోకి తీసుకోవడానికి. పంజాబ్ నుంచి చెట్టుకొకరు పుట్టకొకరుగా వచ్చిపడ్డ హిందూ సిక్కు కుటుంబాలకు ఎక్కడో ఒకచోట నీడ ఇవ్వాలి కదా, ఆ అవసరం అబద్ధం కాదు. కానీ ఆ చట్టంలో ఇంకో రకం మనిషిని కూడా పుట్టించారు: వెళ్ళబోయేవాడు. ఇంకా వెళ్ళలేదు, ఇక్కడే ఉన్నాడు, కానీ వెళ్ళే ఉద్దేశం ఉందని అనుమానం. అలాంటివాడు తన ఆస్తి అమ్ముకోవాలన్నా ఆంక్షలే. 1950ల మధ్యలో ఆ చట్టం కోరలు తీసేశారు. కాగితం మీద పోయింది. బజార్లో పోలేదు. క్రికెట్ మ్యాచ్ రోజున, 1992 డిసెంబరులో, ఇల్లు అద్దెకు అడిగిన ప్రతిసారీ మేం వెళ్ళబోయేవాళ్ళమే. ఎక్కడికి అని మాత్రం ఎవరూ అడగరు, వాళ్ళకే తెలిసినట్టు.

ఎక్కడికి వెళ్తాం? ఆదోని వాళ్ళం కదలకుండానే ఎన్ని రాజ్యాలు మారామో చూడండి. విజయనగరం, బీజాపూర్, మొగలులు, నిజాం, 1786లో టిప్పు సుల్తాన్, మళ్ళీ నిజాం, 1800లో కుంఫిణీ. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లాలో నిద్రపోయినవాళ్ళు కర్నూలు జిల్లాలో, కొత్త ఆంధ్ర రాష్ట్రంలో లేచారు. కన్నడం, తెలుగు, ఉర్దూ ఒకే నోట్లో తిరిగే మనుషులం. జామియా మసీదు కట్టించిన సిద్దీ మసూద్ ఖాన్ హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలున్నవాడు. మంత్రాలయం మఠానికి ఆ ఊరు రాసిచ్చిన నవాబు ఆయనేనని మఠం సంప్రదాయమే చెబుతుంది. కౌతాళం ఖాదర్‌లింగ స్వామి దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డకు హిందువులూ అదే పేరు పెడతారు, మేమూ అదే పేరు పెడతాం. ఇక్కడ ఎవరు ముందు వచ్చారు, ఎవరు తర్వాత వచ్చారు అని తవ్వడం మొదలుపెడితే కోట గోడల కింద ఏ ఒక్కరికీ పట్టా దొరకదు.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్నకు రావాలి. బతికినవాడికి ఇల్లు కావాలి. సరే. ఆ ఇల్లు ఎవరిది?

1949 చివరికి ఇజ్రాయెల్‌లో దాదాపు ముగ్గురిలో ఒకరు యూరప్ మారణకాండ నుంచి బయటపడ్డవాళ్ళేనని చరిత్రకారులు లెక్కగట్టారు. అంతకు ఏడాది ముందే ఆ నేల నుంచి ఏడు లక్షల మంది దాకా పాలస్తీనియన్లు వెళ్ళగొట్టబడ్డారు, లేదా భయపడి పారిపోయారు. యాఫా, హైఫా పట్టణాల్లో తాళాలు పడ్డ ఇళ్ళు చాలా ఉన్నాయి. ఓడ దిగిన యూదులకు ఆ ఇళ్ళు ఇచ్చారు. 1950లో ఇజ్రాయెల్ గైరుహాజరీల ఆస్తి చట్టం చేసింది. అదే ఏడాది మనదీ వచ్చిందని పైన చెప్పాం. ఇంకా చేదైన సంగతి ఉంది. ఇజ్రాయెల్ చట్టం రాసినవాళ్ళు పాకిస్తాన్ చేసిన కాందిశీకుల ఆస్తి నిబంధనలను నమూనాగా ముందు పెట్టుకున్నారని న్యాయచరిత్ర పరిశోధకులు చూపించారు. హిందువుల, సిక్కుల ఇళ్ళ కోసం కరాచీలో రాసింది యాఫా ముస్లింల ఇళ్ళకు పనికొచ్చింది. ఇల్లు లాక్కునే విద్యలో మతభేదం లేదు.

ఆ చట్టం కింద ఇంకో వింత మనిషి పుట్టాడు. ఊరు వదిలి పక్క ఊళ్ళో తలదాచుకుని, దేశంలోనే ఉండి, ఆ దేశ పౌరుడై కూడా, తన ఇంటి లెక్కలో మాత్రం లేనివాడు. హాజరులో ఉన్న గైరుహాజరీ అంటారు అతన్ని. హాజరు, గైరుహాజరు అన్న అరబీ మాటలు మన బడి రిజిస్టరులో ఎప్పుడో తెలుగయ్యాయి కాబట్టి మనకు విడమర్చి చెప్పక్కర్లేదు. పేరు పిలిచారు, నువ్వు 'హాజర్' అన్నావు, అయినా సున్నా చుట్టారు. మన వెళ్ళబోయేవాడూ, వాళ్ళ హాజరులో ఉన్న గైరుహాజరీ ఒక తల్లి బిడ్డలే.

మా వైపు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు ఊళ్ళ నుంచి ఏటా జనం సుగ్గికి పోతారు. గుంటూరు మిరప చేలకు, ఇంకెక్కడికో. వాన లేని నేల. ముసలివాళ్ళను వదిలి, తలుపుకు తాళం వేసి, కొందరు తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోతారు. నెలల తరబడి గైరుహాజరు. తిరిగొచ్చేసరికి ఆ ఇంట్లో ఇంకొకరు పొయ్యి వెలిగించి ఉంటే ఏమంటాం? పాపం వాళ్ళకూ ఇల్లు లేదు కదా అని ఊరుకుంటామా?

యాఫాలో ఒక యూదు దంపతులకు ఇదే పరీక్ష ఎదురైంది. పోలండ్ నుంచి ప్రాణాలతో బయటపడి 1949లో ఇజ్రాయెల్ చేరారు. గుడారాల్లో ఉంటున్న వాళ్ళకు అధికారులు ఒక ఇంటి తాళంచెవి ఇచ్చారు. వెళ్ళి గేటు తీశారు. వాకిట్లో గుండ్రటి బల్ల, దాని మీద తినడానికి పెట్టిన కంచాలు అలాగే ఉన్నాయి. ఆమెకు తమ ఇల్లు గుర్తొచ్చింది. జర్మన్లు వచ్చి గెంటేసినప్పుడు తాము కూడా బల్ల మీద అన్నీ అలాగే వదిలి వెళ్ళారు. ఆ ఇంట్లో కాలు పెట్టలేక తాళంచెవి వెనక్కి ఇచ్చేశారు.

ఈ సంగతిని పట్టుకుని, మిగతా యూదులందరూ ఎందుకు అలా చెయ్యలేదని నిలదీయడం తేలిక. మేం ఆ పని చెయ్యం. చలికి వణికే బిడ్డను ఎత్తుకున్న తల్లికి ఎవరో తాళంచెవి ఇస్తే, ఎవరిదీ ఇల్లు అని అడిగే ఓపిక ఉండాలని శాసించడానికి మేమెవరం? లాహోరులో ఖాళీ హవేలీలకు వెళ్ళిన ముస్లింలు అడిగారా? ఢిల్లీలో ముస్లింల ఇళ్ళల్లో దిగిన పంజాబీలు అడిగారా? ఇచ్చినవాడి పాపం వేరు, పుచ్చుకున్నవాడి నిస్సహాయత వేరు. కానీ నిస్సహాయత ఒక తరానికే చెల్లుతుంది. బల్ల మీద కంచాలు ఎవరివో మనవళ్ళకు చెప్పకపోతే, చెప్పినవాళ్ళను ద్రోహులంటే, అక్కడ నిస్సహాయత పోయి ఇంకేదో మొదలైంది. అనుభవించిన బాధకు ఓదార్పు దక్కాలి, పరిహారం దక్కాలి, చంపినవాళ్ళకు శిక్ష పడాలి. బాధ మాత్రం పట్టాదారు పాసుపుస్తకం కాదు.

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో 1,200 మంది దాకా చనిపోయారు, రెండున్నర వందల మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఇళ్ళల్లో దూరి ముసలివాళ్ళను, పిల్లలను చంపడాన్ని మేం ఏ పేరుతోనూ సమర్థించం. ఆ తర్వాత గాజాలో వేలు కాదు, పదుల వేల మంది చనిపోయారు. జనాభాలో పదిలో తొమ్మిది మంది ఇల్లు వదిలారు, చాలామంది ఒకసారి కాదు, ఐదారుసార్లు. వాళ్ళలో ఎక్కువమంది 1948లో వచ్చిపడ్డ కాందిశీకుల బిడ్డలు, మనవలు. గుడారాల మధ్యే పెళ్ళిళ్ళు జరిగాయి. పారాచూట్ గౌను చూసి కంటతడి పెట్టిన లోకం ఆ పెళ్ళికూతుళ్ళను కూడా అలాగే చూడాలని అడుగుతున్నాం. అలాగే, ఈ పెళ్ళికూతుళ్ళ కోసం ఆదోని మసీదుల్లో దుఆ చేసే మావాళ్ళు ఆ గౌను కోసం కూడా ఒక్క క్షణం ఆగాలని అడుగుతున్నాం. హిట్లర్ మంచిపని చేశాడని మా కుర్రాళ్ళు టీ బంకు దగ్గర అనడం మేం విన్నాం. అదే బంకు దగ్గర, మమ్మల్ని చూడకుండా, 48లో ఇంకాస్త గట్టిగా చేసి ఉండాల్సిందని ఇంకొకరు అనడమూ విన్నాం. రెండు మాటలకూ ఒకే నాలుక.

తెలుగులో రెండు 'మనాలు' ఉన్నాయి. మేం అంటే ఎదుటివాడు బయట, మనం అంటే ఎదుటివాడు లోపల. ఉర్దూలో 'హమ్' ఒక్కటే, ఎవరు లోపలో ఎవరు బయటో దాన్ని బట్టి తెలియదు. ఇంట్లో హమ్ అని, బజార్లోకి వచ్చి మేమా మనమా అని తడుముకుంటూ పెరిగాం. ఈ వ్యాసంలో కూడా మేం ఎక్కువ, మనం తక్కువ ఉన్నాయని చదివేవాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది.

స్థిరపడటం ఎలా అన్నదానికి మా చరిత్రలో ఒక పాత ఉదాహరణ ఉంది. 622లో మక్కా వదిలి మదీనా చేరినవాళ్ళను ప్రవక్త అక్కడి అన్సార్లతో ఒక్కొక్కరిని ఒక్కొక్కరికి అన్నదమ్ములుగా జత కలిపారు. అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్‌కు జతపడ్డ సాద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం తీసుకోమన్నాడు. ఆయన వద్దన్నాడు. నీది నీ దగ్గరే ఉండనీ, బజారు ఎటువైపో చూపించమన్నాడు. జున్ను, నెయ్యి అమ్ముకున్నాడు. కొద్దిరోజుల్లోనే పెళ్ళి కూడా చేసుకున్నాడు. వచ్చినవాడికి ఇల్లు ఇస్తానన్న ఆతిథ్యమూ ఉంది, ఇంకొకరి ఇల్లు వద్దన్న మర్యాదా ఉంది. జుమా ప్రసంగాల్లో ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు.

తర్వాతి కథ ఇది. 625లో ఉహుద్ యుద్ధంలో డెబ్బై మంది దాకా చనిపోయారు. వాళ్ళలో సాద్ కూడా ఉన్నాడు. ఆయన ఆస్తి మొత్తం ఆడపిల్లల చిన్నాన్న పట్టుకున్నాడు. ఆస్తి లేకపోతే ఈ పిల్లలకు పెళ్ళిళ్ళు ఎలా అవుతాయని సాద్ భార్య ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని ప్రవక్త దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళ వారసత్వం గురించిన ఆయత్ వచ్చింది ఆ సందర్భంలోనేనని హదీసుల్లో ఉంది. కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకో అని ఆ చిన్నాన్నకు తీర్పు.

ఆదోనిలో, ఎమ్మిగనూరులో, తండ్రి పోయిన ముస్లిం ఇళ్ళల్లో ఎంతమంది కూతుళ్ళకు ఆ వాటా అందిందో ఎవరైనా ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటే బాగుంటుంది. పాలస్తీనా మీద మేం వేసే ఊరేగింపుల్లో ముందు నడిచే అన్నలతోనే ఆ లెక్క మొదలుపెట్టవచ్చు.